ఒక్క బిట్‌లో నంబర్ పంపడం: లాటరీ వేసి చెప్పే జవాబుతో లెక్క ఎలా కుదురుతుంది

ఎండాకాలం వచ్చిందంటే మణికొండ, నిజాంపేట్, కూకట్‌పల్లి సైడు అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే మొదటి పని సంపులో నీళ్లు ఎంతున్నాయో చూసుకోవడం. బోరు ఎండిపోతే ట్యాంకర్ బుక్ చేయాలి, అది ఎప్పుడొస్తుందో తెలియదు. ఇప్పుడు లెక్క కోసం ఒక ఊహ పెట్టుకుందాం. ఊళ్లో 10,000 సంపుల్లో చిన్న సెన్సర్లు పెట్టారు, మొత్తం మీద నీళ్లు సగటున ఎంత శాతం ఉన్నాయో ఒకచోట కూర్చుని తెలుసుకోవాలి, కానీ ఒక్కో సెన్సర్ ఒక్కోసారి పంపగలిగేది ఒక్క బిట్ మాత్రమే. అంటే 0 గానీ 1 గానీ, అంతే. 37 శాతం, 62 శాతం అని చెప్పే వీలే లేదు.

ఒక్క బిట్‌తో ఏం తెలుస్తుంది అనిపిస్తుంది గానీ, చాలా తెలుస్తుంది. ఒక షరతు మీద: ఆ బిట్‌ని లాటరీ వేసి పంపాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది, ఎందుకంటే కొలిచిన సెన్సర్ దగ్గర కరెక్ట్ నంబర్ ఉంది, దానికి కావాలని ర్యాండమ్‌గా గందరగోళం కలిపి పంపితే జవాబు ఇంకా పాడవ్వాలి కదా. ఒక్క సంపు విషయంలో నిజంగానే పాడవుతుంది. పదివేల సంపుల యావరేజ్ మాత్రం బాగుపడుతుంది, ఈ మొత్తం సబ్జెక్ట్ నిలబడింది ఈ తేడా మీదే.

అసలు ఇంత పిసినారితనం ఎందుకు అంటే బ్యాటరీ, రేడియో. ఇలాంటి సెన్సర్లు ఏళ్ల తరబడి ఒకే బ్యాటరీ మీద నడవాలి, రేడియోలో మాట్లాడిన ప్రతిసారీ బ్యాటరీ కరుగుతుంది. మన దేశంలో లోరావాన్ అనే పద్ధతి 865 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో నడుస్తుంది, దూరం ఎక్కువ పోతుంది గానీ అతి నెమ్మది సెట్టింగ్‌లో ఒక మెసేజ్‌లో పట్టే డేటా 51 బైట్లే. దాని పైన కనీసం 13 బైట్ల హెడర్ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఒక్క బిట్ కోసం ఒక మెసేజ్ పంపడం దండగ. అసలు లాభం రీడింగ్స్‌ని కూడబెట్టి పంపడంలో ఉంది. 51 బైట్లంటే 408 బిట్లు, అంటే పావుగంటకొక రీడింగ్ చొప్పున నాలుగు రోజుల పైన రీడింగ్స్ ఒకే మెసేజ్‌లో వచ్చేస్తాయి. అదే రీడింగ్‌కి 16 బిట్లు వాడితే 25 రీడింగ్స్‌తోనే మెసేజ్ నిండిపోతుంది, ఆరు గంటలకే మళ్లీ రేడియో ఆన్ చేయాలి.

సరే, ఒక్క బిట్ అనగానే ఎవరికైనా ముందు తట్టేది రౌండింగ్. సంపు సగం పైన ఉంటే 1, సగం కన్నా తక్కువుంటే 0 పంపు, సెంటర్‌లో ఉన్నవాళ్లు 1 వస్తే 75 శాతం అనీ 0 వస్తే 25 శాతం అనీ వేసుకుంటారు. ఒక్క సంపు గురించి అడిగితే ఇది మంచి పద్ధతే, తప్పు ఎప్పుడూ 25 పాయింట్లు దాటదు. కానీ మే నెలలో సంపులన్నీ 20కీ 45కీ మధ్యలో ఉన్నాయి, అసలు సగటు 32 అనుకుందాం. అన్నీ 0 అనే పంపుతాయి, సెంటర్ 25 అని రాసుకుంటుంది. ఏడు పాయింట్లు తప్పు. పదివేల సంపుల బదులు లక్ష సంపులు పెట్టినా అదే ఏడు, పది లక్షలు పెట్టినా అదే ఏడు, ఎందుకంటే అందరి తప్పూ ఒకే వైపుకి ఒరిగి ఉంది. దీన్నే బయాస్ అంటారు. డేటా ఎంత పోసినా ఇది కడుక్కుపోదు.

ఒకే వైపు ఒరిగే చిన్న తప్పు ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే కెనడాలో వాంకూవర్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ కథ చూడాలి. 1982 జనవరిలో అక్కడ కొత్త ఇండెక్స్ 1000 దగ్గర మొదలైంది. రోజుకి వేలసార్లు ఇండెక్స్‌ని తిరగేసి లెక్కగట్టేవాళ్లు, ప్రతిసారీ మూడు దశాంశ స్థానాల తర్వాత ఉన్నదాన్ని కోసి పారేసేవాళ్లు. కోసేది వెయ్యో వంతు కన్నా తక్కువే, అంత చిన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు. 1983 నవంబర్ నాటికి ఇండెక్స్ 524.811 చూపిస్తోంది, మార్కెట్ చూస్తే బానే ఉంది. లెక్క సరిచేస్తే అసలు విలువ 1098.892 అని తేలింది. సగానికి పైగా విలువ ఆ కోతల్లోనే పోయింది. ఆ తీసేసిన ముక్కని లాటరీ వేసి కొన్నిసార్లు పైకి, కొన్నిసార్లు కిందికి సర్దుంటే తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి, ఇండెక్స్ కూడా అసలు విలువ దగ్గర్లోనే తిరిగేది.

లాటరీ పద్ధతి చెప్పుకోవడానికి చాలా సింపుల్. సెన్సర్ తనలో తాను 0 నుంచి 100 మధ్య ఒక ర్యాండమ్ నంబర్ తీసుకుంటుంది, సంపు లెవెల్ ఆ నంబర్ కన్నా ఎక్కువుంటే 1 పంపుతుంది, లేకపోతే 0. అంటే 32 శాతం నిండిన సంపు నూటికి 32 సార్లు 1 అంటుంది, మిగతా 68 సార్లు 0 అంటుంది. సెంటర్ చేయాల్సింది 1లు ఎన్నొచ్చాయో లెక్కపెట్టడమే. పదివేల బిట్లలో 3,200 దగ్గర్లో 1లు వస్తాయి, అదే సగటు. స్టాండర్డ్ ఎర్రర్ (అంటే జవాబు మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే కొలత) వేసి చూస్తే సుమారు 0.47 పాయింట్లు వస్తుంది, అంటే నూటికి 95 సార్లు జవాబు అసలు సగటుకి ఒక పాయింట్ లోపే పడుతుంది. వాడిన డేటా మొత్తం కలిపి 1,250 బైట్లు. రౌండింగ్‌కి కూడా ఇంతే డేటా ఖర్చయింది, కానీ అక్కడ ఏడు పాయింట్ల తప్పు గట్టిగా పాతుకుపోయి కూర్చుంది.

ఇక్కడ ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, ఒక్కో బిట్ విడిగా చూస్తే దాదాపు పనికిరాదు. 32 శాతం ఉన్న సంపు 1 అన్నంత మాత్రాన అది నిండుగా ఉందని కాదు, ఆ ఒక్కదాని అంచనాలో 68 పాయింట్ల తప్పు ఉంటుంది. తప్పులు వేటికవే విడిగా, రెండు వైపులకీ పడుతున్నాయి కాబట్టి కూడినప్పుడు కరిగిపోతున్నాయి. సంపులు నాలుగు రెట్లు పెంచితే తప్పు సగమవుతుంది, వంద రెట్లు పెంచితే పదో వంతవుతుంది.

దీని రేటు ఎంతో కూడా కచ్చితంగా చెప్పొచ్చు. ఊళ్లో సంపుల లెవెల్స్ 0 నుంచి 100 దాకా సమంగా పరుచుకుని ఉన్నాయనుకుని, కొన్ని ఇళ్లని ర్యాండమ్‌గా ఎంచుకుని సర్వే చేస్తే, పూర్తి నంబర్ చెప్పే ఒక్క ఇల్లు ఎంత సమాచారం ఇస్తుందో ఒక్కో బిట్ చెప్పే మూడు ఇళ్లు కలిపి అంతే ఇస్తాయి. మూడే! పూర్తి నంబర్‌కి 16 బిట్లు పట్టే చోట మూడు బిట్లతో పనైపోతోంది. కారణం ఏంటంటే ఇళ్ల మధ్య తేడాలే సర్వేలో పెద్ద గందరగోళం, ఒక ఇంటి నంబర్‌ని చివరి దశాంశం దాకా తెచ్చినా ఆ గందరగోళం పోదు. ఈ లెక్క చూసినప్పుడల్లా నిజంగా ముచ్చటేస్తుంది.

ఆ 1లు లెక్కపెట్టి యావరేజ్ తీయడం కన్నా తెలివైన పద్ధతి ఇంకేమైనా ఉందా అంటే, చేతిలో ఆ బిట్లు మాత్రమే ఉన్నప్పుడు బయాస్ లేకుండా ఇంతకన్నా బాగా చేయడం కుదరదు. అలా కుదరదని చెప్పే హద్దుకి ఉన్న రెండు పేర్లలో ఒకటి మనవాళ్లదే, క్రామేర్-రావు బౌండ్. తెలుగు కుటుంబంలో పుట్టి ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్.రావు 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వేసిన పేపర్‌లోనిది ఇది. డేటా ఎంతుందో దాన్నిబట్టి, బయాస్ లేని ఏ అంచనాకైనా తప్పు ఇంతకన్నా తగ్గదు అని అది గీత గీస్తుంది, మన 1ల లెక్క సరిగ్గా ఆ గీత మీదే కూర్చుంటుంది. గచ్చిబౌలిలో యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ పక్కనుంచి పోయే రోడ్డు ఆయన పేరు మీదే ఉంది. ఆ రోడ్డు మీద రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే డేటా సైన్స్ జనంలో చాలామంది వాడేది ఆయన వేసిన పునాదినే, ఆ సంగతి అందరికీ తెలిస్తే బాగుండు.

లాటరీకి ఇంకో లాభం ఉంది, గుట్టు. 1965లో స్టాన్లీ వార్నర్ అనే ఆయన సర్వేల కోసం ఈ దారి చూపించాడు, జనం ముఖం మీద ఒప్పుకోని ప్రశ్నలు ఎలా అడగాలి అని. ఆయన తిరిగే ముల్లు వాడాడు, తర్వాత బాగా వాడుకలోకి వచ్చింది నాణెం పద్ధతి. ఓటుకి డబ్బు తీసుకున్నారా అని వెయ్యి మందిని అడిగితే నిజం ఎంతమంది చెప్తారు? అదే నాణెం ఎగరేయమని, బొమ్మ పడితే నిజం చెప్పమని, బొరుసు పడితే మళ్లీ ఎగరేసి బొమ్మకి అవును బొరుసుకి కాదు అనమని చెప్పి, నాణెం మనం చూడకుండా ఉంటే అవును అన్నవాళ్లని ఎవరూ వేలెత్తి చూపలేరు. వెయ్యిలో 400 మంది అవును అన్నారనుకుందాం. అందులో సుమారు 250 నాణెం అనిపించినవి, మిగతా 150 నిజంగా జవాబిచ్చిన 500 మందిలోనివి, అంటే 30 శాతం. దీనికి కట్టే ధర స్టాండర్డ్ ఎర్రర్‌లో కనపడుతుంది, అందరూ నిజమే చెప్పే లోకంలో అయితే ఒకటిన్నర పాయింట్ ఉండేది మూడు దాకా పోతుంది. కానీ అబద్ధాలతో నిండిన కచ్చితమైన నంబర్ కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. 2014లో గూగుల్ క్రోమ్ బ్రౌజర్ నుంచి లెక్కలు సేకరించడానికి బయటపెట్టిన రాపర్ పద్ధతికి మూలం ఇదే. 2017లో మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్ వాడకం సగటుల కోసం ఒక్కో మెషిన్ నుంచి ఒక్క బిట్, అదీ లాటరీ వేసిన బిట్ తీసుకునే పద్ధతి రాశారు, అంటే తక్కువ డేటా, గుట్టు రెండూ ఒకే బిట్‌లో ఇరికించారు.

ఇప్పుడు అసలు రుచికరమైన భాగం. పైన చెప్పిన లాటరీలో సెన్సర్ తీసిన ర్యాండమ్ నంబర్ సెంటర్‌కి తెలియదు. తెలిస్తే? పంపక్కర్లేదు, రెండు వైపులా ఒకే సీడ్‌తో (ర్యాండమ్ నంబర్ల వరస ఎక్కడ మొదలవ్వాలో చెప్పే నంబర్) ఒకే ర్యాండమ్ జనరేటర్ పెట్టుకుంటే చాలు, సెన్సర్ ఈ గంటకి ఏ నంబర్ తీస్తుందో సెంటర్ కూడా తీసి చూసుకోవచ్చు. ఒక్క బిట్ కూడా అదనంగా ఖర్చవదు. ఇలా ముందు గందరగోళం కలిపి చివర్లో అదే గందరగోళాన్ని తీసేసే ఐడియాని 1962లోనే లారెన్స్ రాబర్ట్స్ ఫోటోల కోసం వాడాడు, తక్కువ బిట్లతో పంపిన బొమ్మలో చారలు చారలుగా కనపడే మచ్చల్ని అలా పోగొట్టాడు. తర్వాత ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్‌ని నడిపించింది కూడా ఈయనే.

సంపుతో చేసి చూద్దాం. లెవెల్ 37. ఇద్దరికీ తెలిసిన ర్యాండమ్ నంబర్ 20 అనుకుందాం, 37 దానికన్నా ఎక్కువ కాబట్టి బిట్ 1. సెంటర్ రూల్ ఏంటంటే 1 వస్తే ఆ నంబర్‌కి 50 కలుపు, 0 వస్తే 50 తీసెయ్. కాబట్టి 70 అనుకుంటుంది, 33 ఎక్కువ. ఇంకోసారి నంబర్ 60 వస్తే బిట్ 0, అంచనా 10, అంటే 27 తక్కువ. నంబర్ 85 వస్తే అంచనా 35, దాదాపు కరెక్ట్. తప్పు ఎప్పుడూ 50 దాటదు, ప్లస్ 50 నుంచి మైనస్ 50 దాకా సమంగా పరుచుకుంటుంది, సగటు సున్నా. సీడ్ పంచుకోని ఒంటరి లాటరీలో అదే సంపుకి తప్పు 63 ఎక్కువో 37 తక్కువో, మధ్యలో ఏదీ ఉండదు. 0 నుంచి 100 దాకా ఉన్న రేంజ్‌ని 1 అనుకుని తప్పుల వర్గాల సగటు (దీన్నే వేరియన్స్ అంటారు) చూస్తే ఒంటరి లాటరీకి అతి చెడ్డ పరిస్థితిలో 4లో 1 వంతు, సీడ్ పంచుకున్నదానికి ఎప్పుడైనా సరే 12లో 1 వంతు. మూడో వంతుకి పడిపోయింది, ఊరికే.

అన్ని చోట్లా ఊరికే రాదులెండి. సంపు 9 శాతం కన్నా తక్కువో 91 కన్నా ఎక్కువో ఉంటే ఒంటరి లాటరీయే నయం, ఎందుకంటే ఖాళీ సంపు ఎప్పుడూ 0 అనే చెప్తుంది, అక్కడ తప్పే లేదు, సీడ్ పంచుకుంటే మాత్రం అక్కడ కూడా ఆ 12లో 1 వంతు తప్పు తప్పదు. ఇంకో ప్రమాదం దీనికన్నా పెద్దది. ఫ్యాక్టరీలో పదివేల సెన్సర్లకీ ఒకే సీడ్ వేసి పంపేశారనుకోండి, ఆ గంటకి అందరి ర్యాండమ్ నంబరూ ఒకటే అవుతుంది, అందరి తప్పులూ చేతులు కలిపి ఒకే వైపు నడుస్తాయి, సెంటర్‌కి తెలిసేది ఆ ఒక్క నంబర్ కన్నా పైన ఎన్ని సంపులున్నాయో అంతే. పదివేల సెన్సర్లు ఉండి కూడా యావరేజ్ ఊగిపోతుంది. కాబట్టి సీడ్ అనేది సెంటర్‌తో పంచుకోవాలి, పక్క సెన్సర్‌తో మాత్రం పంచుకోకూడదు. డివైస్ నంబర్, టైమ్ రెండూ కలిపి సీడ్ తయారు చేసుకుంటే సరిపోతుంది.

రెండు బిట్లు ఇచ్చే స్తోమత ఉంటే ఇంకా సుఖం. 0, 33, 67, 100 అని నాలుగు మెట్లు పెట్టుకుని దగ్గరున్న రెండు మెట్ల మధ్య లాటరీ వేస్తే అతి చెడ్డ పరిస్థితిలో వేరియన్స్ 4లో 1 వంతు నుంచి 36లో 1 వంతుకి పడుతుంది, డేటా రెట్టింపయింది గానీ వేరియన్స్ తొమ్మిదో వంతయింది. ఇదే ర్యాండమ్ రౌండింగ్ ఇప్పుడు ఏఐ చిప్పుల్లో హార్డ్‌వేర్‌గానే దిగిపోయింది. 2015లో ఐబీఎం వాళ్లు 16 బిట్ల లెక్కలతో న్యూరల్ నెట్‌వర్క్ ట్రెయిన్ చేసి చూపించినప్పుడు దాన్ని నిలబెట్టింది ఇదే.

ఫోన్లలో మోడల్ ట్రెయినింగ్ దగ్గర ఇది మరీ అవసరం. కీబోర్డ్ తర్వాతి పదం ఊహించడం నేర్చుకోవాలంటే లక్షల ఫోన్లు తమ దగ్గర నేర్చుకున్న మార్పుల్ని పంపాలి, మనం టైప్ చేసిన మెసేజ్‌లు పంపకుండా. పది లక్షల నంబర్లున్న మోడల్ అయితే 32 బిట్ల చొప్పున 4 ఎంబీ, ఒక్కో బిట్ చొప్పున 125 కేబీ. సర్వర్‌కి కావాల్సింది ఏ ఒక్క ఫోన్ మార్పో కాదు, అందరి యావరేజ్, కాబట్టి లాటరీ ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. చిక్కొకటుంది, ఆ పది లక్షల నంబర్లలో నాలుగైదు చాలా పెద్దవి, మిగతావన్నీ సున్నా దగ్గర ఉంటే మెట్లు పెద్ద నంబర్లకి తగ్గట్టు వేయాలి, చిన్నవన్నీ లాటరీ గోలలో మునిగిపోతాయి. 2017లో సురేశ్, మరికొందరు గూగుల్ రీసెర్చర్లు దీనికి చూపిన ఉపాయం ఏంటంటే ముందు ఆ నంబర్లన్నింటినీ ఇద్దరికీ తెలిసిన ఒక ర్యాండమ్ తిప్పుడు తిప్పడం, కూరలో ఒకచోట ముద్దగా పడ్డ ఉప్పుని గరిటెతో కలిపితే అంతటా పరుచుకున్నట్టు పెద్ద నంబర్ల బరువు అన్నిటికీ పంచబడుతుంది, అప్పుడు మెట్లు చిన్నవి చాలు. సర్వర్ చివర్లో వెనక్కి తిప్పుకుంటుంది. హాడమార్డ్ మ్యాట్రిక్స్ (ప్లస్ 1, మైనస్ 1లతోనే నిండిన పట్టిక) వాడితే ఆ తిప్పుడు ఫోన్‌లో కూడా చకచకా అయిపోతుంది.

పంపడానికే అని లేదు, దాచడానికీ ఇదే కిటుకు. 1978లో బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ మోరిస్‌కి స్పెల్లింగ్ తప్పులు పట్టే ప్రోగ్రామ్ కోసం మూడేసి అక్షరాల గుంపులు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టాల్సి వచ్చింది, ఒక్కోదానికి ఉన్నది 8 బిట్లు, మామూలుగా అయితే 255 దగ్గర ఆగిపోతుంది. ఆయన కౌంటర్‌ని ప్రతిసారీ పెంచకుండా లాటరీ తగిలితేనే పెంచాడు, కౌంటర్ పెరిగే కొద్దీ లాటరీ తగలడం కష్టమయ్యేలా. హైటెక్ సిటీలో బ్యాకెండ్ పని చేసేవాళ్లు రోజూ వాడే రెడిస్ అనే డేటా స్టోర్‌లో 2017 నాటి 4.0 వెర్షన్ నుంచి ఏ కీ ఎక్కువ వాడుతున్నారో తెలుసుకోవడానికి ఇదే రకం 8 బిట్ల కౌంటర్ ఉంది, డిఫాల్ట్ సెట్టింగ్‌లో సుమారు పది లక్షల హిట్స్ దాకా పోతుంది.

ఎక్కడ వాడకూడదో కూడా స్పష్టంగా ఉండాలి. హిమాయత్‌సాగర్ ఫుల్ ట్యాంక్ లెవెల్ 1763.50 అడుగులు. వానల్లో నీళ్లు దాని దగ్గరికి వస్తే గేట్లు ఎత్తాలి, మూసీ ఒడ్డున ఉన్నవాళ్లని ఖాళీ చేయించాలి. అక్కడ కావాల్సింది ఒక్క చెరువు నంబర్, ఇప్పటికిప్పుడు, అంగుళాలతో సహా. ఇలాంటి చోట లాటరీ బిట్ పంపితే అది నేరం. యావరేజ్ అడిగే ప్రశ్నలకే ఈ పద్ధతి, ఒకే ఒక్క రీడింగ్ మీదో అతి పెద్ద రీడింగ్ మీదో నిర్ణయం ఆధారపడితే పూర్తి నంబరే పంపాలి.

యావరేజ్‌లో కూడా రేంజ్ ఎంచుకోవడం దగ్గర చాలామంది తడబడతారు. సంపుకి 0, 100 అని సహజంగా హద్దులున్నాయి. ఇంటి అద్దెకి అలా లేవు. ఊళ్లో సగటు అద్దె 20,000 అనుకుని, పదివేల మందిని ఒక్కో బిట్ అడిగితే, రేంజ్ లక్ష అని పెట్టుకుంటే స్టాండర్డ్ ఎర్రర్ 400 రూపాయలు వస్తుంది. ఎందుకైనా మంచిదని పది లక్షలు పెట్టుకుంటే 1,400 అవుతుంది, మళ్లీ 400కి తేవాలంటే పన్నెండు రెట్లు మందిని అడగాలి. అలాగని రేంజ్ మరీ తగ్గిస్తే జూబ్లీహిల్స్‌లో మూడు లక్షల అద్దె కట్టేవాళ్లు కూడా లక్ష దగ్గరే ఆగిపోతారు, సగటు కిందికి జారుతుంది, బయాస్ మళ్లీ దొడ్డిదారిన వచ్చేస్తుంది. కాబట్టి ముందు ఓ ఐదొందల మందిని మీ అద్దె యాభై వేలు దాటుతుందా, లక్ష దాటుతుందా అని అడిగి రేంజ్ పట్టుకుని, మిగతా అందరికీ ఆ రేంజ్‌లో లాటరీ పెట్టి, లక్ష దాటిన ఆ కొద్దిమంది దగ్గర మాత్రం పూర్తి నంబర్ తీసుకోవడం తెలివైన పని, వాళ్లు తక్కువే కాబట్టి ఆ నాలుగు బైట్ల ఖర్చు లెక్కలోకి రాదు.